వెబ్‌సైట్‌కు సెర్చ్ పెట్టాలా, పెడితే ఎలా? బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగువాళ్ళ చిన్నాచితకా వ్యాపారాలకు, సంఘాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. పచ్చళ్ళ కొట్లు, పీజీ హాస్టళ్ళు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, పాత తెలుగు పుస్తకాలు పోగేసినవాళ్ళు. ఎవరి సైటైనా సగానికి వచ్చేసరికి ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "పైన ఆ భూతద్దం బొమ్మ పెట్టలేదేంటండీ?" ఆ మాట వెనకాల వచ్చే ప్రశ్నలే ఇవి. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఓసారి చదవండి.

మా సైట్‌లో పాతిక పేజీలున్నాయి. సెర్చ్ పెట్టమంటారా?

వద్దు. పాతిక పేజీలు మెనూలో సర్దితే సరిపోతాయి. అయినా ఎవరికైనా ఏదో దొరకడం లేదంటే మెనూ బాగాలేదని అర్థం. ముందు దాని సంగతి చూడండి.

చిన్న సైట్‌లో సెర్చ్ వల్ల మేలుకన్నా చెరుపే ఎక్కువ. అసోసియేషన్ సైట్‌కు వచ్చినాయన "పార్కింగ్" అని కొడతాడు. మీరేమో ఆ పేజీలో "వాహనాలు నిలుపు స్థలం" అని రాసుకున్నారు. "ఫలితాలు లేవు" అని వస్తుంది. ఆయన నమ్మేసి వాచ్‌మన్‌ని అడగడానికి కిందికి దిగుతాడు. ఆ బాక్సే లేకపోతే మెనూ చూసేవాడు, అక్కడ దొరికేది. నోటీసులు, నిబంధనల్లాంటివన్నీ ఒకే పొడుగాటి పేజీలో పెట్టేస్తే బ్రౌజర్‌లో ఉండే "ఫైండ్ ఇన్ పేజ్" ఆ పని చేసిపెడుతుంది. మీకు పైసా ఖర్చు లేదు.

మరి ఎప్పుడు కావాలి?

పేజీలు లెక్కపెట్టి తేల్చేది కాదిది. వచ్చే మనిషి ఒక పేరు మనసులో పెట్టుకుని వస్తున్నాడా అన్నది చూడండి. పుస్తకాల సైట్‌కు వచ్చేవాళ్ళు రచయిత పేరుతోనో పుస్తకం పేరుతోనో వస్తారు. స్పేర్ పార్టుల కొట్టుకు నంబరు పట్టుకుని వస్తారు. వీళ్ళకు సెర్చ్ కావాలి, బాగా పనిచేసేది కావాలి.

పీజీ హాస్టల్ సంగతి వేరు. మారతహళ్ళిలో ఉద్యోగం వచ్చిన అమ్మాయికి ఏ హాస్టల్ పేరూ తెలియదు. ఆఫీసుకు దగ్గరగా ఉండాలి, టూ షేరింగ్ కావాలి, ఆంధ్రా భోజనం ఉండాలి, అద్దె ఇంతకు మించకూడదు. ఇవన్నీ టైప్ చేసే మాటలు కావు, టిక్కు పెట్టే గడులు. ఆమెకు కావలసినవి ఫిల్టర్లు. ఏరియా, షేరింగ్, భోజనం, అద్దె అని నాలుగు బటన్లు పెట్టి, ప్రతి దాని పక్కన ఎన్ని హాస్టళ్ళున్నాయో అంకె వేస్తే ఆ సైట్‌కు సెర్చ్ అక్కర్లేదు. నన్ను సెర్చ్ అడిగినవాళ్ళలో చాలామందికి నిజానికి కావలసింది ఇదే.

అమెజాన్‌లో ఉంది కదండీ?

వాళ్ళ సరుకు కోట్లలో ఉంటుంది. మీది ఆవకాయ, గోంగూర, ఇంకో ముప్ఫై రకాలు.

పెట్టకముందే అవసరం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు చోట్ల చూడండి. మొదటిది గూగుల్ సెర్చ్ కన్సోల్, ఉచితమే. గూగుల్‌లో ఏ మాటలు కొట్టి మీ సైట్‌కు వచ్చారో పర్ఫార్మెన్స్ రిపోర్టులో కనిపిస్తుంది. రెండోది మీ వాట్సాప్, నా దృష్టిలో అదే మేలు. గత నెల మెసేజీలు తిరగేయండి. "ఫలానా పుస్తకం ఉందా", "ఫలానా సైజు దొరుకుతుందా" అన్నవి ఎక్కువగా ఉంటే సెర్చ్ పనికొస్తుంది. "ఎంత", "ఎప్పుడు పంపుతారు", "సర్జాపూర్ రోడ్డుకు డెలివరీ ఉందా" అన్నవే ఎక్కువైతే ఆ సమాధానాలు మొదటి పేజీలో రాయండి చాలు.

ఖర్చు లేకుండా గూగుల్ బాక్సే పెట్టేస్తే?

పెట్టొచ్చు. 2006లో కస్టమ్ సెర్చ్ పేరుతో వచ్చింది, ఇప్పుడు ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్ అంటారు. ఉచితంగా వాడితే ఫలితాల్లో యాడ్స్ వస్తాయి. అంటే మీ కొట్లో నిలబడి అడిగినవాడికి పక్క కొట్టు బోర్డు కనిపించే అవకాశం ఉంది. లాభాపేక్ష లేని సంస్థలు యాడ్స్ ఆపుకోవచ్చు కాబట్టి సాంస్కృతిక సంఘాలకు ఇది తేలిగ్గా కుదిరే దారి. డబ్బు కట్టి యాడ్స్ లేకుండా వాడుకునే గూగుల్ సైట్ సెర్చ్ 2018లో మూతపడింది, పాత వ్యాసాలు చదివి దానికోసం వెతక్కండి.

ఇంకో చిక్కుంది. గూగుల్ చూసిన పేజీలే ఇందులో వస్తాయి. పొద్దున పెట్టిన కొత్త సరుకు సాయంత్రానికి వస్తుందన్న హామీ లేదు. లాగిన్ అయితేనే కనిపించే పేజీలు అసలే రావు.

సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ దానంతటదే ఉంటుంది కదా?

ఉంటుంది, మొరటుగా ఉంటుంది. మీరు కొట్టిన అక్షరాల వరస శీర్షికలో గానీ వ్యాసంలో గానీ ఎక్కడైనా కనిపిస్తుందా అని డేటాబేస్‌ను అడుగుతుంది, అంతే. "కారం" అని కొడితే కారంపొడితో పాటు "మీ సహకారానికి కృతజ్ఞతలు" అన్న పేజీ రాదు గానీ "మీ సహకారం మరువలేం" అన్న పేజీ వచ్చేస్తుంది. 2013లో వచ్చిన 3.7 వెర్షన్ దాకా ఫలితాలు తేదీ వరసలో వచ్చేవి, ఆ తర్వాతి నుంచి శీర్షికలో మాట ఉన్నవి ముందొస్తున్నాయి. కస్టమ్ ఫీల్డుల్లో, అంటే ధర, సైజు లాంటివి రాసుకునే అదనపు గడుల్లో దాచుకున్న వివరాల జోలికి అది మామూలుగా పోదు.

అయితే ఈ మొరటుతనం తెలుగుకు ఒకందుకు కలిసొస్తుంది. "గోంగూర" అని కొడితే "గోంగూరతో", "గోంగూరలో" అన్నవీ దొరుకుతాయి. ఖరీదైన ఇంజిన్లు కొన్ని ఇక్కడే బోర్లాపడతాయి. కొన్ని వందల పేజీల తెలుగు సైట్ అయితే నేను వర్డ్‌ప్రెస్ సెర్చ్‌ను కదపను.

తెలుగులో కొడితే రావడం లేదు, ఇంగ్లీషులో కొడితే వస్తోంది. ఎందుకని?

నన్ను అడిగే ప్రశ్నల్లో అసలైనది ఇదే. కారణాలు చాలా ఉన్నాయి. ఏదీ మీ సర్వర్ తప్పు కాదు, ఎక్కువ డబ్బు పెడితే పోయేదీ కాదు.

మొదటిది, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రోగ్రాముకు తెలియకపోవడం. చిన్న సైట్లలో ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఎఫ్‌టీఎస్5 అనే సెర్చ్ ఉంది. అందులోని యూనికోడ్61 పద్ధతి అక్షరాలను, అంకెలను మాటలో భాగమనుకుంటుంది, మిగతావాటి దగ్గర మాట తెంపేస్తుంది. మన గుణింతపు గుర్తులు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పట్టిక) లెక్కలో అక్షరాలు కావు, వాటికి వేరే వర్గం ఉంది. దాంతో "పులిహోర" అనే మాట ప, ల, హ, ర అని నాలుగు ముక్కలవుతుంది. "పాలు" అనే మాట ప, ల అని అందులోని మొదటి రెండు ముక్కలే అవుతుంది. పాలు అడిగినవాడికి పులిహోర పేజీ వస్తుంది! డెవలపర్‌కు చెప్పాల్సింది ఒక్క ముక్క: కేటగిరీస్ అన్న సెట్టింగులో ఆ గుర్తుల వర్గాలైన ఎంఎన్, ఎంసీలను కూడా చేర్చమనండి.

లూనర్ అనే జావాస్క్రిప్ట్ సెర్చ్‌లో ఇది ఇంకా దారుణం. మాటకు అటూ ఇటూ ఉన్న కామాలు, చుక్కలు కత్తిరించే చిన్న ఫంక్షన్ ఒకటి అందులో ఉంటుంది. దాని దృష్టిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప తక్కినదంతా కత్తిరించాల్సిందే. తెలుగు మాట మొదటి నుంచి చివరిదాకా తుడిచిపెట్టుకుపోతుంది. ఎర్రర్ కూడా రాదు, ఖాళీగా నిలబడుతుంది. లూనర్ భాషల ప్యాకేజీలో తెలుగుకు వేరే ఫైలుంది, అది జోడించుకోవాలి.

రెండోది, కంటికి కనిపించని అక్షరం. "బెంగళూర్‌లో" అని పొల్లు నిలిపి రాయడానికి మధ్యలో 8204 నంబరు గల గుర్తు ఒకటి పడుతుంది. అది లేకపోతే ర్, లో కలిసిపోయి వత్తు అయిపోతుంది. పేజీలో ఆ గుర్తుంటుంది, ఫోన్లో టైప్ చేసినాయన పెట్టడు. చూడ్డానికి దాదాపు ఒకే మాట, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు.

మూడోది ఐత్వం. ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన వ్యాసాలుంటే తప్పకుండా చూసుకోండి.

నాలుగోది మనం చేసుకున్నదే. పెళ్ళి, పెళ్లి. వాళ్ళు, వాళ్లు. బెంగళూరు, బెంగుళూరు. రెండూ రాస్తాం, రెండూ ఒప్పే అంటాం.

ఈ చివరి మూడింటికీ మందు ఒకటే. పేజీలోని మాటనూ వెతికే మాటనూ పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి తేవాలి. కనిపించని గుర్తు తీసేయాలి, యూనికోడ్‌ను ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (రెండు ముక్కలుగా రాసినదాన్ని ఒకే గుర్తు చేసే రూపం) మార్చాలి, ళ్ళను ళ్ల చేయాలి. చూపించేటప్పుడు మాత్రం మీరు రాసింది రాసినట్టే చూపించాలి. తెలిసిన డెవలపర్‌కు ఒక పూట పని ఇది. ఏ ఇంజిన్ కొనాలా అని వారాల తరబడి చర్చించి ఈ పూట పని వదిలేసినవాళ్ళను చూస్తుంటాను.

విభక్తుల మాటేమిటి? "ఇల్లు" అని కొడితే "ఇంటికి" రావాలా?

రావాలి, కానీ తేలిక కాదు. ఇంగ్లీషు, తమిళం లాంటి భాషల మాటలకు తోకలు కత్తిరించే స్నోబాల్ అనే కోడ్‌లో తెలుగు లేదు. లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేసే తెలుగు అనలైజర్ ఉంది, కొంతమేరకు పనిచేస్తుంది. చిన్న సైట్‌కు నేను చెప్పేది ట్రైగ్రామ్: మాటను మూడేసి గుర్తుల ముక్కలుగా కోసి వెతికే పద్ధతి. ఎస్‌క్యూలైట్ 3.34 నుంచి ఇది లోపలే ఉంది. "గోంగూర" అడిగితే "గోంగూరతో" దొరుకుతుంది. "ఇంటికి" మాత్రం దొరకదు. అలాంటి మాటలను కింద చెప్పే జాబితాలో చేత్తో రాసుకోవడమే.

మా కస్టమర్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. పిల్లలకైతే తెలుగు చదవడమే రాదు.

బెంగళూరులో ఇది మామూలే. గోంగూరలో గో కోసం ఒక ఓ పెట్టేవాళ్ళు, రెండు పెట్టేవాళ్ళు, గూ కోసం ఒక యూ, రెండు ఓలు, ఎవరి స్పెల్లింగు వాళ్ళది. ప్రతి వస్తువుకూ "ఇతర పేర్లు" అని ఒక గడి పెట్టించండి. అది పేజీలో కనిపించదు, సెర్చ్ మాత్రం చూస్తుంది. మీకు తట్టిన స్పెల్లింగులన్నీ అందులో పడేయండి.

ఆ గడి తెలుగు మాటలకూ కావాలి. మీ కొట్టుకు అనంతపురం ఆయన వస్తాడు, శ్రీకాకుళం ఆవిడ వస్తుంది, వరంగల్ కుర్రాడు వస్తాడు. ఒకరు చెనిక్కాయలంటారు, ఒకరు వేరుశనగలంటారు, ఒకరు పల్లీలంటారు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు బుడ్డలంటారు. ఇక్కడే పుట్టి పెరిగి ఏటా బసవనగుడి పరిషెకు (వేరుశనగల జాతర) వెళ్ళొచ్చే పిల్ల "కడలెకాయి" అంటుంది. అందరూ అడిగేది ఒకటే డబ్బా. సొరకాయ, ఆనపకాయ కూడా అంతే. ఈ జాబితా ఏ కంపెనీ అమ్మదు, కౌంటర్ దగ్గర కూర్చునే మనిషికే తెలుస్తుంది. నేను డెవలపర్ కన్నా ముందు ఆ మనిషితో కూర్చుంటాను.

ఊరి పేరు మరిచిపోకండి. ఇంగ్లీషులో ఊరి అధికారిక స్పెల్లింగు 2014 నవంబర్ 1న మారింది గానీ జనం వేళ్ళు మారలేదు. పాత స్పెల్లింగుతో కొట్టినా దొరకాలి.

కన్నడ కీబోర్డుతో కొడితే?

ఇక్కడ మనకు ఒక అదృష్టం ఉంది. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ అక్షరాలు పక్కపక్క అరల్లో ఒకే వరసలో కూర్చున్నాయి. తెలుగు క నంబరు 3093, కన్నడ క నంబరు 3221. తేడా 128. మిగతా అక్షరాలకూ దాదాపు అంతే. కన్నడలో కొట్టిన మాటలో ప్రతి అక్షరం నంబరులోంచి 128 తీసేస్తే తెలుగు మాట వచ్చేస్తుంది. నాలుగు లైన్ల కోడ్. మల్లేశ్వరంలో కొట్టు పెట్టుకుని ఇది చేయించకపోతే తప్పు మీదే అంటాను.

డెవలపర్ ఎలాస్టిక్‌సెర్చ్ పెడదామంటున్నాడు.

ఎన్ని వస్తువులున్నాయి? వెయ్యి లోపే అయితే ఇద్దరి వంటకు గాడిపొయ్యి తవ్వినట్టే. అది లూసీన్ మీద కట్టిన పెద్ద యంత్రం. జావా కావాలి, మెమరీ దండిగా కావాలి, చూసుకునే మనిషి కావాలి. లక్షల రికార్డులుంటే మాట్లాడుకుందాం.

అంత లేనివాళ్ళకు మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ ఉన్నాయి. ఓపెన్ సోర్సే, చిన్న సర్వర్‌లో సర్దుకుంటాయి. సర్వర్ తలనొప్పే వద్దనుకుంటే ఆల్గోలియా లాంటి అద్దె సేవలున్నాయి. బిల్లు ఎన్ని రికార్డులు, ఎన్ని వెతుకులాటలు అన్నదాని మీద పెరుగుతుంది, ఆ లెక్క ముందే అడగండి. సర్వర్ లేని స్టాటిక్ సైట్ అయితే పేజ్‌ఫైండ్ చూడండి. సూచికను చిన్న చిన్న ముక్కలు చేసి, వెతికిన మాటకు కావలసిన ముక్కలే ఫోన్‌కు పంపుతుంది. 10,000 పేజీల సైట్‌లో వెతికినా మొత్తం 300 కేబీ దాటదని దాని తయారీదారుల మాట.

ఒక జాగ్రత్త. వీటిలో చాలావరకు తప్పు స్పెల్లింగులను మన్నిస్తామని గొప్పగా చెబుతాయి. మెయిలీసెర్చ్ మామూలుగా 5 అక్షరాల మాటలో ఒక తప్పును, 9 అక్షరాల మాటలో రెండు తప్పులను ఊరుకుంటుంది. అక్షరాలంటే మన లెక్క కాదు, గుణింతపు గుర్తు కూడా దానికి ఒక అక్షరమే. "పులిహోర" మనకు నాలుగక్షరాలు, దానికి ఏడు. తెలుగులో ఒక్క గుర్తు మారితే సరుకే మారిపోతుంది. పూజా సామగ్రి సైట్‌లో గంటలు అడిగితే గంటెలు రాకూడదు. పొట్టి మాటల జోలికి ఆ మన్నింపు పోకుండా హద్దు పెంచుకోండి.

ఇప్పుడంతా ఏఐ కదా, చాట్‌బాట్ పెట్టేస్తే?

అర్థం పట్టి వెతికే పద్ధతి నిజంగానే పనికొస్తుంది. "పులుపు తక్కువుండే పచ్చడి" అని అడిగితే మాటకు మాట పోల్చే సెర్చ్ నోరు తెరుస్తుంది, ఇది ఏదో ఒకటి చూపిస్తుంది. కానీ పార్టు నంబరు, పుస్తకం పేరు లాంటి కచ్చితమైన వాటికి పాత పద్ధతే నయం. పెద్ద సైట్లు రెండూ కలిపి వాడతాయి.

మాట్లాడే బాట్ మాత్రం వేరే బాధ్యత. 2022లో కెనడాలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. బాట్ మాటకు మాకు సంబంధం లేదన్న వాదన 2024లో ట్రిబ్యునల్ దగ్గర నిలవలేదు, కంపెనీ డబ్బు కట్టాల్సి వచ్చింది. "పచ్చడి పాడైతే డబ్బు వాపస్" అని మీ బాట్ అన్నా మీరు అన్నట్టే.

బాక్స్ ఎలా ఉండాలి? ఫలితాలు ఎలా చూపించాలి?

ఫోన్‌లో చూసి తేల్చండి, లాప్‌టాప్‌లో కాదు. వెతకడమే ముఖ్యమైన సైట్ అయితే భూతద్దం బొమ్మ వెనక దాచకుండా బాక్సే తెరిచి పెట్టండి. అందులో అక్షరాలు 16 పిక్సెళ్ళకు తగ్గకూడదు, తగ్గితే ఐఫోన్ సఫారీ వేలు తగలగానే పేజీని పెద్దది చేసి పక్కకు లాగేస్తుంది. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్‌కు ఆ బాక్స్ దేనికో తెలిసేలా లేబుల్ ఉండాలి, బూడిదరంగు సూచన వాక్యం ఒక్కటే చాలదు.

ఫలితాల పేజీలో వెతికిన మాట బాక్స్‌లో అలాగే ఉండాలి, దిద్దుకోవడానికి. వస్తువైతే బొమ్మ, ధర అక్కడే కనిపించాలి. ఏమీ దొరకనప్పుడు "ఫలితాలు లేవు" అని ఊరుకోవద్దు. కింద వాట్సాప్ బటన్ పెట్టి, వెతికిన మాట మెసేజ్‌లో ముందే పడేలా చేయండి. "ఉసిరి తొక్కు ఉందా అండీ?" అని మీకు మెసేజ్ వస్తుంది. అమ్మకం పోలేదు, జాబితాలో చేర్చాల్సిన మాటా తెలిసింది.

జనం ఏం వెతికారో రాసిపెట్టుకోవచ్చా?

రాసిపెట్టుకోవాలి, లేకపోతే సెర్చ్ బాగుపడదు. ముఖ్యంగా ఏమీ దొరకని మాటల జాబితా వారానికోసారి చూడండి. సైట్‌కు వచ్చేవాళ్ళ లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్ 4లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే వర్డ్‌ప్రెస్ సెర్చ్ మాటలు దానంతటవే నమోదవుతాయి. అయితే జనం ఆ బాక్స్‌లో ఫోన్ నంబర్లు, పేర్లు, జబ్బుల పేర్లు కూడా కొడతారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మాట, తేదీ, ఎన్ని దొరికాయి అన్నవి చాలు. ఎవరు వెతికారన్నది మీకు అక్కర్లేదు, దాచొద్దు. పాతవి తీసేస్తూ ఉండండి.

సెర్చ్ ఫలితాల పేజీలు గూగుల్‌లో రావాలా?

రాకూడదు. నోఇండెక్స్, అంటే ఈ పేజీని నీ ఫలితాల్లో చేర్చుకోవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు, పెట్టించండి. లేకపోతే దొంగ మందుల పేర్లు, జూదం సైట్ల పేర్లు మీ సెర్చ్ అడ్రస్‌లో జొప్పించి గూగుల్‌కు ఎక్కించేవాళ్ళున్నారు. సెర్చ్ ఇంజిన్లు ఏ పేజీలు తెరవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో కూడా అడ్డు పెడితే గూగుల్ ఆ పేజీ తెరవలేదు, నోఇండెక్స్‌ను చూడనూ లేదు, కాబట్టి రెండూ ఒకేసారి పెట్టొద్దు. కొట్టిన మాటను పేజీలో మళ్ళీ చూపించేటప్పుడు అందులో కోడ్ ఉంటే పనిచేయకుండా చేశారా అని డెవలపర్‌ను అడగండి. గూగుల్ ఫలితాల్లో మీ సైట్ కింద చిన్న సెర్చ్ బాక్స్ తెప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి, గూగుల్ దాన్ని 2024 నవంబర్‌లో తీసేసింది.

పెట్టించాం, ఎవరూ వాడటం లేదు. తీసేయమంటారా?

ముందు వేరే ఫోన్‌లో, లాగిన్ లేకుండా, మీ సైట్ తెరిచి చూడండి. చాలాసార్లు కుకీల నోటీసో, వాట్సాప్ బటనో దాని మీద కూర్చుని ఉంటుంది. అది కాదని తేలితే ఒక పండగ సీజన్ దాకా ఆగండి. పచ్చళ్ళ కొట్టుకైతే మామిడికాయల కాలం, పిండివంటల కొట్టుకైతే సంక్రాంతి ముందు వారాలు. అప్పుడు కూడా వెతికిన మాటల జాబితా ఖాళీగా ఉంటే నిక్షేపంగా తీసేయండి. పాత సెర్చ్ లింకులు ఎవరి వాట్సాప్‌లోనో మిగిలి ఉంటాయి, అవి నొక్కినవాళ్ళను మొత్తం వస్తువుల పేజీకి మళ్ళించమని డెవలపర్‌కు ఒక మాట చెప్పండి.